మూడు పొద్దుల నెగిటివ్

1946వ సంవత్సరం సంగతి ఇది. ఇన్నేళ్ళూ ఎందుకు రాయలేదో ముందు చెబుతాను. యాభై నాలుగో ఏట గానీ నాకు అక్షరాలు రాలేదు. అంతవరకు ఉత్తరం ముక్కయినా ఇంకొకరి చేత రాయించుకునేదాన్ని. ఇది మాత్రం ఇంకొకరికి చెప్పి రాయించే సంగతి కాదు.

మదనపల్లె ఊరి బయట ఒక డాక్టరు గారు పది మంచాలతో క్షయ రోగుల ఆసుపత్రి నడిపేవారు. అక్కడ నేను ఆయాను. పక్కలు మార్చడం, గంజి ఇవ్వడం, పొద్దున్నే స్పూటం కప్పులు ల్యాబుకు చేర్చడం నా పని. స్పూటం అంటే కళ్ళె. దాన్ని గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూస్తారు. పురుగు కనబడకపోతే నెగిటివ్. వరుసగా మూడు పొద్దులు నెగిటివ్ వస్తే ఫిట్ సర్టిఫికెట్ రాసిచ్చి పంపేవారు. జబ్బును చంపే మందు మా దాకా ఇంకా రాలేదు. పడక, మంచి తిండి, గాలి, అంతే.

కుప్పం నుంచి వచ్చిన మునిరత్నానికి ఇరవై మూడేళ్ళు. బి.కాం. ప్యాసైన నెలలోనే నెత్తురు కక్కాడు. పక్క మంచం హుసేన్ సాబుది. పుంగనూరులో బట్టల అంగడి ఆయనకు. జబ్బు దాదాపు నయమైంది, కళ్ళె నెగిటివే; ఒంట్లో బలం చిక్కేదాకా ఉంచారు. ఇద్దరికీ వాదులాటతోనే పొద్దు గడిచేది.

"బి.కాం. అయిపాయె గదప్పా. ఇంకా సదివేది ఏముండాది? నా అంగడికి రా, గుడ్డ సింపేది నేర్పిస్తా" అనేవాడు సాబు.

"నాకు నాలుగు దావలు ఉండాయి సాబూ. బ్యాంకులో క్లార్కు. లేదా పంతులు చదువు చదివి అయ్యవారు. లా చదివితే ప్లీడరు. అన్నిటికన్నా పైది ఆడిటరు."

"నాలుగు దావలుండే మనిషి ఈడ మంచం మింద యాల పండుకోనుండాడో!"

మునిరత్నం నవ్వేవాడు. నవ్వితే దగ్గు వచ్చేది.

మద్రాసులో ఒక ఆడిటరు అతణ్ణి ఆర్టికిల్డ్ క్లార్కుగా తీసుకోవడానికి ఒప్పుకున్నారు. అంటే కొన్నేళ్ళు ఆయన కింద పని నేర్చుకుంటూ పరీక్షలు రాసి తానూ ఆడిటరు కావడం. జబ్బు సంగతి విని, నెలాఖరులోగా ఫిట్ సర్టిఫికెట్ తెస్తేనే చేర్చుకుంటామన్నారు. జ్వరం తగ్గింది, బరువు పెరిగింది. కళ్ళె మాత్రం పాజిటివే.

ఒక పొద్దున నేను కప్పు ఎత్తబోతుంటే మెల్లగా అన్నాడు. "అమ్మా, సాబు కప్పులోది రోంత నా కప్పులో పొయ్యి. మూడు పొద్దులే."

"డాక్టరు గారికి తెలిస్తే?"

"నువ్వు చెప్తే గదా తెలిసేది. మా ఇంట్లో సదివినోణ్ణి నేనొక్కణ్ణే. ఈ చోటు పోతే మళ్ళా రాదమ్మా."

నేను ఒప్పుకున్నది జాలి ఒక్కదానితోనే కాదు. ఆ సర్టిఫికెట్ కాగితం పట్టుకున్న వాళ్ళంతా నవ్వుతూ ఇంటికి పోవడం చూసినదాన్ని. చదువు రాని నాకు, కాగితం మీద నెగిటివ్ అని పడితే జబ్బు కూడా పోయినట్టే అనిపించేది. మూడు పొద్దులు అతని కప్పు కడిగి, సాబు కప్పులోది కొంచెం పోశాను. సాబుకు తెలియదు.

పోయే రోజున సాబు కొత్త తువ్వాలు అతని భుజాన వేసి, "పెద్ద ఆడిటరువు కాప్పా. నా అంగడికి మాత్రం తనిఖీకి రావద్దు" అన్నాడు.

ఏడాది దాటాక వాయల్పాడు నుంచి శ్రీనివాసులు అనే పిల్లవాడు వచ్చి చేరాడు. పక్క వేస్తూ అడిగాను, "యాడ పని చేస్తాండావప్పా?"

"మద్రాసులోమ్మా, ఆడిటరు దగ్గర. మా రూములో కుప్పం అన్న ఒకాయన ఉండె, మునిరత్నమని. నాకు పరీక్షలకు పాఠాలు చెప్పిందే ఆయన. ఒకే రూము, ఒకే చెంబు. ఇదే జబ్బుతో సచ్చిపోయి మూడు నెలలాయె."

ఆ పక్క సగంలో వదిలేసి బయటికి వచ్చాను. నా కళ్ళెదుట ఉన్న ఒకణ్ణి చూసి జాలిపడ్డాను. నేను చూడనివాడు ఇంకొకడు ఉంటాడని ఆ మూడు పొద్దుల్లో ఒక్కసారీ తోచలేదు. ఆసుపత్రి పని నాకు నేర్పింది అదే, ఇద్దరు పిల్లల్ని పణంగా పెట్టి నేర్పింది.

మరునాడు పొద్దున కప్పులు ముట్టకముందే డాక్టరు గారి గదికి పోయి అంతా చెప్పాను. ఆయన, "కప్పుల పని ఇంక నువ్వు చెయ్యొద్దు. ఆ పిల్లవాడికి మాత్రం నువ్వే చెప్పు" అన్నారు.

పోయి మంచం పక్కన కింద కూర్చుని చెప్పాను. శ్రీనివాసులు అరవలేదు. ఒకే మాట అడిగాడు.

"జబ్బు పోలేదని అన్నకు తెలుసునా?"

తెలియదని చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. "తెలుసప్పా" అన్నాను.

"నా సాప దూరంగా యేసుకొమ్మని అన్న దినామూ తిడతాండె" అన్నాడు. "సీనియర్ననే పొగరనుకొంటి. మొండికి పక్కనే పండుకొంటి."