పెద్దమ్మ కొనని సీజన్ టికెట్

మా చిన్నప్పుడు... జనగామల స్కూలు గ్రౌండు చుట్టూ తడకలు కట్టిన్రంటే ఫుట్‌బాల్ పోటీలు వచ్చినయన్నట్టే. వరి కోతలు అయిపోయినంక, చలికాలంల, పది రోజులు నడిచేవి.

మా పెద్దమ్మ రాజవ్వ... అంటే మా అమ్మకు సొంత అక్క... అక్కడి మగపిల్లల హాస్టల్ల వంట చేసేది. పెదనాయిన ఎప్పుడో పోయిండు, పిల్లలు లేరు. నేను పగలంత ఆమె కొంగు పట్టుకునే తిరిగేదాన్ని.

ఊరికి టీం ఎట్ల వచ్చిందో కూడ ఆమె చెప్పిందే. అరవై తొమ్మిదిల తెలంగాణ ఉద్యమం నడిచి బడులు మూతబడ్డయట. పొద్దుపోక పిల్లగాండ్లు గ్రౌండ్ల బంతి తన్నుడు మొదలుపెట్టిన్రు. బడులు తెరిచినంక కూడ ఆట ఆగలే... టీంల సగం మంది ఆమె చేతి అన్నం తిన్నోళ్లే.

మొదట్ల పోటీలు ఉత్తగనే చూసేటోళ్లు. తర్వాత తడకలు కట్టి టికెట్ పెట్టిన్రు. పది రోజులకు కలిపి సీజన్ టికెట్, రెండు రూపాయలు. పసుపుపచ్చ అట్టముక్క, మీద పోటీల కమిటీ ముద్ర. పెద్దమ్మ మొదటి ఏడాదే కొన్నది. ఆడోళ్లు ఆటకు వచ్చుడు తక్వ ఆ రోజులల్ల. ఆమె మాత్రం గోలుపోస్టు పక్కన బస్తాసంచి ఏసుకొని కూసునేది. పక్కన నేను. గేటు కాడ ఒక కట్టె పాతిపెట్టేటోళ్లు... దానికన్న పొట్టిగున్న పిల్లలకు టికెట్ లేదు.

ఆఫ్‌సైడ్ అంటే ఏందో ఆమెకు ఆఖరిదాక తెల్వలే. కానీ ఎవలు అలిసిన్రు, ఎవలు పొద్దున సరిగ తినలే... అది మాత్రం చూడంగనే చెప్పేది.

రెండు రూపాయలు మూడైంది. తడకలకు బదులు రేకులు పెట్టినమన్నరు. మూడు ఐదైంది. మైకు, కుర్చీలు అన్నరు. మేము సంచి మీదనే కూసున్నం గానీ ఐదు మాత్రం కట్టినం. ఆ ఏడాది మా అమ్మ లొల్లి పెట్టుకున్నది.

"అక్కా, గా పైసలకు రెండు రైకగుడ్డలొస్తయ్ గదనే!"

"రైకగుడ్డ గోల్ కొడ్తదా?" అన్నది పెద్దమ్మ.

నాకు పదేండ్లప్పుడు టికెట్ ఒక్కసారే పన్నెండైంది. పెద్దమ్మ నన్ను ఎంటవెట్టుకొని రైసుమిల్లుకు పోయింది. మిల్లు షావుకారే కమిటీ పెద్ద. మంచిగనే మాట్లాడిండు, కుర్చీ కూడ ఏపిచ్చిండు.

"ఏం చేద్దుమవ్వా... ఈసారి హైదరాబాద్ టీములొస్తున్నయ్. రైలు ఖర్చు, తిండి ఖర్చు... పన్నెండుకు కూడ గిట్టుబాటు లేదు."

"అయితే అయింది బిడ్డా. మనోళ్లు మొదటి ఆట ఎవలతోని ఆడుతున్నరు?"

ఆయన ముందలున్న లెక్కల బుక్కు మూసిండు.

"మనోళ్లు ఈసారి లేరవ్వా. అంత పెద్ద టీముల ముందల మనోళ్లను దింపితే నవ్వులపాలైతం."

పెద్దమ్మ కొంగున ముడేసి తెచ్చిన పైసలు తియ్యనే లేదు. "మరి నేనెవల్ని చూడాలె?" అని లేచింది.

తొమ్మిది రోజులు హాస్టల్ వంటింట్లకు మైకు చప్పుడు వినొచ్చింది. ఆమె బియ్యం ఏరుకుంట, కూరగాయలు కోసుకుంట ఊకున్నది. పదో రోజు ఫైనల్. నేను ఏడిచి ఏడిచి ఆమెను గేటు దాక గుంజుకపోయిన.

గేటు కాడ యాకయ్య ఉన్నడు. మా ఊరి టీం గోలీ... గోలుపోస్టు కాసేటోడు... ఆయనే. ఆడనీకి టీం లేదు గదా... కమిటోళ్లు అంగికి బిల్ల పెట్టి గేటు కాడ నిలబెట్టిన్రు.

"పెద్దవ్వా, జల్ది రా. నిన్నెవడు అడుగుతడు?" అని రేకు తలుపు పక్కకు జరిపిండు.

"టికెట్ లేకుంట నేనెన్నడన్న వచ్చిన్నా, బిడ్డా?"

"పోనీ, పోరినన్న పంపు."

పెద్దమ్మ నన్ను తీసుకపోయి ఆ కట్టె పక్కన నిలబెట్టింది. నా నెత్తి కట్టె మీదికొచ్చింది. "దాటింది గదా," అన్నది... అంతే. నా చెయ్యి పట్టుకొని ఎనుకకు మళ్లింది.

దారిల ఎనుక నుంచి పెద్ద అరుపు లేచింది. గోల్ పడ్డట్టుంది. ఆమె ఒక్క ఘడియ ఆగింది, ఎనుకకు చూడలే, మళ్ల నడిచింది. నేను చెయ్యి ఇడిపిచ్చుకొని ముందల నడిచిన.

తెల్లారి యాకయ్య వంటింట్లకు వచ్చి గడప మీద కూసున్నడు. ఎవలూ అడగకముందే ఆటంత మొదటి నుంచి చెప్పిండు. ఆమె పొయ్యి ఊదుకుంట విన్నది. ఒక్కటే అడిగింది.

"గోలీ ఎట్ల ఆడిండు?"

"మస్తు ఆడిండు పెద్దవ్వా. నాకన్న శానా మంచిగ ఆడిండు."

"చల్... అబద్ధాలు," అని ఆయన ముందల పళ్లెం పెట్టింది. యాకయ్య తలకాయ వంచుకొని తిన్నడు. తర్వాత ఆయన పని దొరికి కాజీపేట పోయిండు. మళ్ల ఆడినట్టు నేను వినలే.

పోటీలు ఇంకో రెండేండ్లు నడిచినయ్. టికెట్ ఇరవై దాక పోయిందన్నరు. పెద్ద టీములు వచ్చుడు మానేసినయ్. అప్పటికి ఊళ్లె ఆడేటోళ్లు లేరు... పిలిస్తే వచ్చే టీం లేదు. పోటీలు ఆగిపోయినయ్. ఎవలూ లొల్లి చెయ్యలే.

పెద్దమ్మ టికెట్ కొననిది దగ్గర పన్నెండు రూపాయలు లేక కాదని నాకు పెద్దయినంక గానీ సమజ్ కాలే. ఆమె ఉన్నప్పుడు ఆ మాట అడగలే... అడగాల్సి ఉండె.

ఇప్పుడు మా ఇంట్ల పిల్లలు ఫోన్ల ఆట చూసెతందుకు ఏడాదికోసారి పైసలు కడుతున్నరు. ప్రతి ఏడు రేటు పెరుగుతది, తిట్టుకుంటరు, మళ్ల కడుతరు. ఆ ఆడేటోళ్లల్ల ఒక్కడు కూడ పొద్దుగాల వచ్చి వీళ్ల గడప మీద కూసోడు.

మీ ఊళ్లె సుత గిట్లనే ఒక టీం ఉండెనా...? గేటు బయటి నుంచే మళ్లిపోయినోళ్లు మీ ఇంట్ల ఎవలన్న ఉన్నరా? వాళ్ల పేర్లు రాయుండ్రి... చదువుత.