అవ్వ కొంగున ముడేసుకున్న పోగులు

చిట్యాలలో మా తమ్ముడి ఇంట్లో టీవీ పక్కన మా తాత తంబూర నిలబెట్టి ఉంది, మెడలో ప్లాస్టిక్ పూలదండతో. మొన్న తమ్ముడి మనుమడు దానికి కొత్త తీగలు వేయించి, సెల్‌ఫోన్‌లో శ్రుతి చూపే యాప్ ఎదురుగా పెట్టుకుని శ్రుతి చేశాడు. "పచ్చ లైటొచ్చింది నానమ్మా, ఇగ కరెక్టే" అన్నాడు. మీటి చూశాను. తపేలా మీద కొట్టినట్టు టప్పుమంది. నాకు ఒళ్లు మండింది. పాపం, వాడి మీద కాదు.

మాది నేతిల్లు. అరవై ఏళ్ల కిందట ఇదే ఇంట్లో కార్తీకం వచ్చిందంటే గుంట మగ్గం గదిలోని గంజి వాసన, వాకిట్లో అలుకు తడి, పొయ్యి మీద ఉడికే శనగ గుడాల ఆవిరి కలిసిపోయేవి. తాత భజనకు బయల్దేరే ముందు అవ్వ తంబూరను ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని బిరడాలు తిప్పి, మగ్గం మీద తెంపిన నాలుగు నూలు పోగులను తీగల కింద దూర్చి, వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపేది. ఒకచోట తీగ జుమ్మని నిండుగా పలికేది. గుడాలు బుక్కుతున్న పిల్లలం నమలడం ఆపేసేవాళ్లం. వెంటనే తాత తంబూర భుజాన వేసుకుని పోయేవాడు. అవ్వ మాత్రం భజన మందిరం గడప తొక్కకూడదు, ఆడవాళ్లు రావద్దని పెద్దల కట్టడి. ఆమె చెయ్యి కావాలి, ఆమె అక్కర్లేదు!

ఒక ఏడు భజనకు కొత్తగా హార్మోనియం వచ్చింది. దాని శ్రుతికి అందాలని, హార్మోనియం వాయించేవాడే తంబూర తీగను బిగించీ బిగించీ తెంపాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అందరూ కలిసి తంబూర పట్టుకుని మా వాకిట్లోకి వచ్చారు.

"ఆడోళ్ల చెయ్యి పడ్డది, గందుకే తెగింది" అన్నాడు భజన పెద్ద.

తాత నేలచూపులు చూశాడు. ఇన్నేళ్లు ఆమె శ్రుతి మీద పాడి పేరు తెచ్చుకున్న మనిషికి ఒక్క మాట పెగలలేదు. ఆ మౌనాన్ని నేనింకా క్షమించలేదు.

అవ్వ అరవలేదు. పోగులన్నీ లాగి కొంగున ముడేసుకుంది.

"తంబూర మీది. పోగులు నావి. గిప్పుడు తీస్కపోండ్రి."

తర్వాత తాత కొత్త తీగ వేయించి, తనే పోగులు పెట్టి చూశాడు. ఆ జాగా దొరకలేదు. "జర నువ్వే పెట్టరాదే" అని బతిమాలాడు. "హార్మోనియాన్ని అడుగు పో" అంది అవ్వ. తంబూర గోడెక్కింది.

ఇదంతా చెప్పి మనుమణ్ణి నాలుగు నూలు పోగులు తెమ్మన్నాను. ఇల్లంతా వెతికి, మగ్గం గుంట పూడ్చి బండలు పరిచిన గదిలోంచి నైలాన్ దారం పట్టుకొచ్చాడు. నేతింట్లో నూలు పోగు లేదు! నా చీర కొంగులోంచే నాలుగు లాగి తీగల కింద పెట్టాను. అటు జరిపాను, ఇటు జరిపాను. ఫోన్‌లో పచ్చ లైటు వెలుగుతూనే ఉంది, తీగ మాత్రం పలకలేదు. చిన్నప్పుడు నేర్చుకుంటానని అవ్వ పక్కన కూర్చుంటే, తాతే నన్ను లేపి పంపాడు.

"ఆడిపిల్లకెందుకే గా పని" అని.