నాలుగో దమ్ము

పెద్దబాపు పోయాడన్న కబురు మా క్యాసెట్ల షాపు పక్కనున్న ఎస్టీడీ బూత్‌కు వచ్చింది. బూత్ అతను గోడ తట్టి చెప్పాడు. ఎవరిదో పెళ్లి క్యాసెట్ కాపీ తీస్తున్న నేను టేపు ఆపి, షట్టర్ దించి, స్టేషన్ వెనకున్న ఆయన ఇంటికి నడిచాను. దారిలో ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ముందు రోజే "రేపు కొత్త టేపు పట్టుకరా, ఇంజన్ చప్పుడు మసకబారుతాంది" అని పురమాయించిన మనిషి ఆయన. చెప్పిన రోజు రాకపోతే నన్ను గడప తొక్కనిచ్చేవాడు కాదు. మరి తను ఇలా చెప్పాపెట్టకుండా వెళ్లిపోవచ్చునా?

ఆయన మా నాయిన అన్న. మహబూబ్‌నగర్ మీదుగా పోయే మీటర్ గేజ్ లైన్‌లో బొగ్గు ఇంజన్ నడిపిన డ్రైవర్. స్టేషన్ వెనక ఉన్నవాళ్లకు ఆయన ముఖం కంటే గొంతు బాగా గుర్తుంటుంది. బండి ఆలస్యానికి స్టేషన్ మాస్టర్‌ను తిట్టేవాడు, ఉప్పు తక్కువైతే కూరను తిట్టేవాడు. తిట్టడానికి ఎవరూ దొరకని రోజు ఎండను తిట్టేవాడు. అయినా పొయ్యి దగ్గర కూర్చున్న పెద్దమ్మను ఒక్క మాట అనగా నేను వినలేదు.

దానికి కారణం ఉంది. ఆ రోజుల్లో డ్రైవర్ల ఇళ్లలో గడియారం చూసి వండేవాళ్లు కాదు. బండి ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలియదు. ఊరికి ముందున్న ఎత్తు, ఆ చడావు ఎక్కుతూ ఇంజన్ వేసే చప్పుడు వినపడగానే పెద్దమ్మ బియ్యం కడిగి ఎసరు పెట్టేది. ఆయన ఇంజన్ అప్పజెప్పి, ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కునేసరికి అన్నం దిగేది. సర్వీసంతా ఆయన చల్లన్నం తినలేదు.

లైన్ మీది నుంచి బొగ్గు ఇంజన్లు తీసేసిన రోజుల్లోనే ఆయనకు రిటైర్మెంట్ వచ్చింది. ఆ తర్వాత నూనె డబ్బాల రేకు కత్తిరించి, తన ఇంజన్‌ను మూరెడు పొడవున చేశాడు. వసారాలో గోడ పొడుగునా చెక్క వేసి, దాని మీద పట్టాలు పరిచాడు. మోటరు పెడదామని నేనంటే కొట్టినంత పని చేశాడు.

"నా ఇంజన్ల మోటరా? బొగ్గు, నీళ్లు లేనప్పుడు నా వేలుతోనే తోస్త. గని మూగది మాత్రం వద్దు. దానికి గొంతు పెట్టు."

నేను పిల్లల పాటల్లోంచి 'కూ చుక్ చుక్' ఒకటి ఎక్కించి తీసుకెళ్లాను. విని, క్యాసెట్ తీసి నా చేతిలో పెట్టాడు.

"రైలు చుక్ చుక్ అంటదారా? ఏ లైన్ల అన్నదో చూపియ్యి. కూత పెట్టేటోడల్లా బండి గుంజడు. పో."

పోయాను, మళ్లీ వచ్చాను. మోటరు లేనందుకు ఒక మేలు జరిగింది. రేకు పొట్టంతా ఖాళీ, చిన్న స్పీకర్ హాయిగా పట్టింది. పట్టాలకు కరెంటు పని లేదు కాబట్టి, టేప్ రికార్డర్ తీగలు వాటికే కలిపి చప్పుడును పట్టాల మీదుగా పంపాం. ఆవిరి చప్పుడు కోసం మా ఇంటి ప్రెషర్ కుక్కర్ తెచ్చి, వెయిట్ ఎత్తి, ఆగకుండా వచ్చే 'బుస్స్'ను టేపు నిండా రికార్డు చేశాం. చక్రం ఇరుసుకు ఒక బిళ్ల, బిళ్లకు నాలుగు రాగి రేకులు. ఒక్కో రేకు తీగకు తగిలినప్పుడల్లా ఒక్కో 'భుస్' బయటికి వస్తుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు దమ్ములు. అసలు ఇంజన్‌కూ అంతేనని ఆయన చెప్పాడు. వేలితో మెల్లగా తోస్తే మెల్లగా, జోరుగా తోస్తే జోరుగా వచ్చేవి. నాకు ఒళ్లు పులకరించింది. పెద్దబాపు మాత్రం వంటింటి వైపు చూశాడు.

"ఎట్లున్నదే?"

"మంచిగనే ఉన్నది. గని గిది ఎవరి బండో" అంది పెద్దమ్మ లోపలి నుంచి. "నీది కాదు. నీ ఇంజన్‌కు నాలుగో దమ్ము సన్నగుంటది. కుంటుకుంట వస్తది గద."

నిజమే. ఆ ఇంజన్ వాల్వులో ఏదో తేడా ఉండేది. షెడ్డులో సరిచేసిన కొన్నాళ్లకే మళ్లీ అదే కుంటు. అందరికీ అది రోగం, ఆమెకు ఆనవాలు. నేను చాలా శ్రద్ధగా నాలుగు రేకులూ సమానంగా కోశాను. ఎంత తెలివి!

పెద్దబాపు ఆకురాయి తీసుకుని నాలుగో రేకును అరగదీయడం మొదలుపెట్టాడు. రేకు ఎంత సన్నబడితే దమ్మూ అంత సన్నబడుతుంది. కొంచెం గీకడం, తోయడం, వంటింటి వైపు చూడడం. "చెవి పెట్టినోనికే చప్పుడు" అని నాకు నేర్పింది ఆ వసారాలోనే. ఈ రోజు నా షాపులో టేపు కాస్త జీరాడినా పసిగడుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష. చివరికి ఒక మధ్యాహ్నం ఇంజన్ కుంటుకుంటూ వసారా దాటుతుంటే, లోపల బియ్యంలో నీళ్లు పోసిన చప్పుడైంది. పెద్దబాపు తల వంచుకుని కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఆ పూట ఎవరినీ తిట్టలేదు. అప్పటి నుంచి రోజూ ఆ ఇంట్లో ఇంజన్ కదిలాకే ఎసరు.

ఇక నా అసలు కోపం సంగతి. దినాల నాడు చుట్టాలందరూ చూస్తారని, పెద్దబాపు అల్లుడు, అంటే మా బావ, ఇంజన్ దుమ్ము తుడిచి నడిపించాడు. నాలుగు దమ్ములూ సమానంగా, గట్టిగా వచ్చాయి.

"ఏం చేసినవ్ బావా?"

"ఒక రేకు అరిగిపోయి ఉండె. మామ కండ్లకు కనవడక గట్లనే నడిపించిండు, పాపం. బిళ్ల మార్చి కొత్తది ఏసిన. జూడు, ఎంత సాఫ్‌గ వస్తాందో."

"పాతదేది?"

"చెత్తల ఏసిన. పొద్దుగాల బండి వచ్చి ఎత్తుకపోయింది."

"నిన్నెవడు బాగుచెయ్యమన్నడు?" అని అరిచాను. విస్తళ్ల ముందున్నవాళ్లు చేతులాపారు. మంచి మనసుతో చేసినవాణ్ణి అలా అనవచ్చా అని పెద్దలు నన్నే మందలించారు. అనవచ్చు. ఇప్పటికీ అంటున్నాను. అడగకుండా బాగుచేసే మంచితనానికి నేను దండం పెట్టలేను. ఒక మనిషి ఆనవాలును అరుగుదల అనుకుని చెత్తలో వేశారు. సంతాపం చెప్పడానికి వచ్చినవాళ్లు ఆ కొత్త చప్పుడు విని చప్పట్లు కొట్టారు. వాళ్ల మీద కూడా నాకు కోపమే.

ఇప్పుడు రోజూ షాపుకు మధ్యాహ్నం తాళం వేసి ఆ ఇంటికి వెళ్తున్నాను. కొత్త రేకు కోస్తాను, అరగదీస్తాను, వేలితో తోస్తాను. ఎక్కువ అరిగితే మళ్లీ ఇంకొకటి కోస్తాను. ఆయన వేలి బరువు నా వేలికి రావడం లేదు.

వంటింట్లో పెద్దమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంటుంది. గంజులో బియ్యం పొడిగా ఉంటాయి. పక్కనే నీళ్ల చెంబు, దాని మీద ఆమె చెయ్యి. ఇంజన్ వసారా ఈ చివరి నుంచి ఆ చివరికి పోతుంది. చెంబు లేవదు.

"కాదు బిడ్డా" అంటుంది. "ఇంక జర తియ్యి."