పాపక్క కొలతల పుస్తకం

పుంగనూరు బస్టాండు వెనక వీధిలో జాకెట్లు కుట్టే పాపక్కను తలచుకుంటేనే నాకు కడుపు మండుతుంది. మా అక్క అర్చన ఎక్కడుందో ఆమెకు తెలుసు. నాకు తెలియదు. నేను తోడబుట్టినవాణ్ణి. ఆమె జాకెట్లు కుట్టిన మనిషి.

పాపక్క సొంతూరు సోమల. మొగుడు విరిచిన ఎడమ మోచేయి ఇప్పటికీ పూర్తిగా చాపలేదు. అందుకే కొలిచేటప్పుడు టేపు కొసను పళ్ళతో పట్టుకుంటుంది. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ చేత్తోనే పుంగనూరు వచ్చి, ఒకరి వరండాలో కాజాలు కుడుతూ మొదలుపెట్టింది. ఇప్పుడు సొంత అంగడి, రెండు మిషన్లు, అడ్డంగా ఒక పచ్చ తెర. పాత జాకెట్టు ఇచ్చి ఆ కొలతకే కుట్టమంటే ఒప్పుకోదు. మనిషి రావాలి, తెర వెనక చేతులెత్తి నిలబడాలి. చాదస్తం అనుకునేవాణ్ణి. నిలబడ్డ మనిషి ఒంటి మీద కమిలిన మచ్చలు ఆమెకు కనపడతాయని నాకు తట్టలేదు.

బావ శేఖర్ కొడుతున్నాడని అక్క మొదట చెప్పింది నాకే. రెండేళ్ళ కిందటి మాట. మదనపల్లె టమాటా మండీలో పని వదిలేసి అప్పటికప్పుడు పుంగనూరులో వాళ్ళింటికి వెళ్ళాను. బావ బిర్యానీ తెప్పించాడు, కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అక్క నాతో చెప్పినవన్నీ ఒక్కటీ వదలకుండా ఆయన ముందు పెట్టి, ఇంకెప్పుడూ కొట్టనని ఒట్టు వేయించుకున్నాను. పెద్దరికం చేశానన్న సంబరంతో తిరిగి వచ్చాను. నేను ఇటు రాగానే, నాతో చెప్పినందుకు ఆమెను మళ్ళీ కొట్టాడని చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా అక్క ‘బాగుండాను’ అని పెట్టేసేది.

ఈ వేసవిలో ఒక చీరకు ఫాల్ కుట్టించాలని పాపక్క అంగడికి వెళ్ళిన అక్క ఇంటికి తిరిగి రాలేదు. బావ ఇద్దరిని వెంటబెట్టుకుని అంగడి మీదికి పోతే, పాపక్క చీర మడిచి ఆయన చేతిలో పెట్టిందట.

“ఫాల్ అయిపోయింది, తీసకపోప్పా. అగ్గిపెట్టంత అంగట్లో మనిసిని యాడ దాసేది?”

పది రోజులకు అక్క అమ్మకు ఫోన్ చేసింది. బాగున్నాను, ఏదన్నా ఉంటే పాపక్కకు చెప్పు, తమ్ముడికి వద్దు అందట. అమ్మ ఏడుస్తూ ఆ మాట కూడా నాకే చెప్పింది. బావేమో రోజూ మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి, ఏమన్నా తెలిసిందా అని అడుగుతాడు.

పాపక్క దగ్గరికి మూడుసార్లు పోయాను, చెప్పలేదు. నాలుగోసారి, మొన్న శుక్రవారం.

“మళ్ళీ వచ్చినావా? మండీలో టమాటాలు అయిపోయినాయా ఏంది?” అంది తల ఎత్తకుండా.

“మా అక్క నీకు యాల సెప్పింది?”

“నేను అడగలేదు కాబట్టి.”

“నేను మాత్రం అడిగినానా? తనే సెప్పింది.”

“నువ్వు పొయ్యి ఆయప్పకు సెప్పినావు.”

పాపక్క దారం తెంపి, అయిపోయిన సంగతి కాబట్టి ఆ కాస్త చెప్పింది. అక్క ఫోన్‌ను బావ రోజూ సాయంత్రం వెతికేవాడు. అందుకని ఆమె పాపక్క ఫోన్ నుంచే ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181కి చేసింది. ఏం చేయాలో అక్కడి ఆడవాళ్ళు చెప్పారు. ఆధార్, డిగ్రీ సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకం ఒక్కొక్కటే జాకెట్టు గుడ్డల్లో మడిచి తెచ్చింది. రెండు నెలలు అవి ఈ అంగట్లో లైనింగ్ ముక్కల కింద ఉన్నాయి. పొమ్మని గానీ ఉండమని గానీ పాపక్క అనలేదట. పోతానని అక్క తానుగా అన్న రోజు, వాళ్ళు పంపిన మనిషి వెనక తలుపు దగ్గరికి వచ్చింది.

ఆ రెండు నెలల్లో ఇదే వీధిలో నేను ఎన్నిసార్లు టీ తాగానో.

అప్పుడు మిషన్ మీదున్న గుడ్డ చూశాను. ఉల్లిపొర రంగు, చిన్న బుటాలు. నా మొదటి జీతంతో అక్కకు కొన్నది. పక్కనే ప్లాస్టిక్ కవరు, దాని మీద ఏదో బట్టల షాపు పేరు, కింద కుప్పం.

పాపక్క చెయ్యి కవరు మీద పడింది. అప్పటికే ఆలస్యమైంది.

“సదివినావా?”

“సదివినా.”

“ఇన్నాళ్ళు ఒక్క మనిసికీ తెల్వకుండా పెట్టినా. ఇప్పుడది నీ నోట్లో ఉండాదప్పా.”

బావ ఫోన్ చేసే వేళ. ఫోన్ మోగింది. పాపక్క కాలు మిషన్ మీద ఆగింది.

“ఏం బామ్మర్దీ, ఏమన్నా తెలిసిందా? యాడుండాదో సెప్తే సాలు, మంచిగానే పిల్చుకొస్తా. నీ మీద ఒట్టు.”

రెండేళ్ళ కిందటి గొంతే. అదే తడి.

“తెల్దు బావా.”

“ఆ జాకెట్లామెను అడిగినావా?”

“అడిగినా. ఆయమ్మకూ తెల్దంట.”

పాపక్క మెచ్చుకుంటుందేమోనని చూశాను. మెచ్చుకోలేదు. కొలతల పుస్తకం తీసి నా ముందు పెట్టింది. అర్చన పేరు కింద పాత నడుము కొలత ఇరవై ఆరు. దాని పక్కన కొత్తది, ఇరవై ఎనిమిదిన్నర.

“కడుపుకు తింటాండాది,” అంది.

“నువ్వే పొయ్యి కొలిసినావా?”

“పోయిన ఆదివారం.”

అంటే అక్కను చూసింది. పళ్ళతో టేపు పట్టుకుని ఆమె నడుం చుట్టూ చేతులు వేసింది. నాకు మళ్ళీ అదే మంట.

“ఈ గుడ్డ నేను కొన్నదే,” అన్నాను.

“తెలుసు. సర్టిఫికెట్లు దీంట్లోనే సుట్టుకోని పొయ్యింది.”

“నేనూ పోవచ్చునా?”

“ఆ యమ్మి పిలిస్తే.”

బస్టాండులో కుప్పం బస్సు ఖాళీగా నిలబడి ఉంది. నేను మదనపల్లె బస్సు ఎక్కాను. వచ్చే ఆదివారం పాపక్కే ఆ జాకెట్టు తీసుకుపోయి, తొడిగి చూసి, సరిపోయిందో లేదో చెబుతుంది. గుడ్డ మాత్రం నాది.