పగటి నీళ్ళు

నా చిన్నప్పుడు మా వాడలో ఆడవాళ్ళు పగటిపూట నీళ్ళు తాగేవాళ్ళు కాదు. ఎండాకాలమైనా అంతే. తాగితే బయటికి వెళ్ళాలి, వెళ్ళడానికి చోటు లేదు. తెల్లవారకముందు ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి. మధ్యలో దాహమైతే నోరు పుక్కిలించి ఉమ్మేసేవాళ్ళు.

అప్పటికి బస్తర్ సంస్థానం ఇంకా ఉంది. మేము భోపాల్‌పట్నం వైపు నుంచి పని వెతుక్కుంటూ జగదల్‌పూర్ వచ్చిన తెలుగువాళ్ళం. రోడ్లకు రాయి కొట్టేవాళ్ళు, ఇటుకలు మోసేవాళ్ళు ఊరి చివర పాకలు వేసుకున్నారు. పట్టణంలో బంగళాలకు మరుగుదొడ్లు ఉండేవి. వాటిని కట్టింది మా వాళ్ళే. మాకున్నదల్లా ఇంద్రావతి ఒడ్డున పొదలు. ఒక ఏడు అతిథి బంగళాకు తోట కావాలని ఆ పొదలు కొట్టించి కంచె వేశారు. కంచె పాతిన కూలీల్లో మా తాతయ్య ఒకడు.

గుంట ఎవరైనా తవ్వుకోవచ్చు. చాటుకు తడిక కావాలి. అడవి నిండా వెదురే, కానీ కొట్టనివ్వరు, సర్కారుది. కొనే స్తోమత మాకు లేదు.

పక్కింటి అక్క అప్పుడు కడుపుతో ఉంది. మూత్రంలో మంట, పైన జ్వరం. నీళ్ళు బాగా తాగమని వైద్యుడు చెప్పాడు. నేను చెంబుతో తెచ్చిస్తే పెదవులు తడుపుకొని మిగతావి సొరపాదులో పోసేది. మా అమ్మమ్మ అది చూసింది.

"ఏందే, నీళ్ళు పాదుకా, నీకా?"

"పాదుకైతే చెంబు పట్టుకొని పోయే పని లేదు గద పెద్దమ్మా" అని అక్క నవ్వింది. అమ్మమ్మ నవ్వలేదు.

ఆ నెలలోనే ఎవరో పెద్ద దొర వస్తున్నాడని కబురు వచ్చింది. ఆయన మోటారు మా వాడ పక్కనుంచే పోవాలి. పట్టణం శుభ్రత చూసే దరోగా వచ్చి, మా పాకలు దొర కంట పడకుండా రోడ్డు పొడవునా తడికలు కట్టమన్నాడు. వెదురు సర్కారే బళ్ళ మీద పంపింది. అల్లడం మా పని, అదీ వెట్టి. మమ్మల్ని మేమే, కూలి లేకుండా, దాచిపెట్టుకోవాలన్నమాట.

అమ్మమ్మ దరోగా ముందు చేతులు కట్టుకుని నిలబడింది. పొడుగు తడిక గాలికి ఒరుగుతుందని, దొర మీద పడితే అందరి తలకాయలూ పోతాయని చెప్పింది. చిన్న చిన్నవి అల్లి పక్కపక్కన కడతామంది. మోటారులోంచి కూడా కనబడకుండా మనిషెత్తు కంటే ఎక్కువే పెడతామంది. దరోగాకు నచ్చింది. ముసలిదానికి తెలివుందన్నాడు. ఆ మాట చెప్పుకొని వాడలో ఆడవాళ్ళు చాలా రోజులు నవ్వారు.

దొర వచ్చాడు, పోయాడు. దుమ్ము అణగకముందే ఆడవాళ్ళు తడికలు విప్పేశారు. పాకల వెనక అప్పటికే గుంటలు తవ్వి ఉన్నాయి. ఒక్కో గుంట చుట్టూ మూడు తడికలు నిలబెట్టి, నాలుగోవైపు గోనెపట్టా వేలాడదీశారు. ఆ మధ్యాహ్నం అక్క నా చేతిలో చెంబు తీసుకుని ఆపకుండా తాగింది. "ఇంకిన్ని తే చెల్లె" అంది.

వానలకు ముందు దరోగా మళ్ళీ వచ్చాడు. ఇంకో దొర వస్తున్నాడట, తడికలు కావాలి. అవి ఎక్కడున్నాయో చూసి ముక్కు మూసుకున్నాడు. గుంటలు పూడ్చమన్నాడు, తడికలు కాల్చమన్నాడు. అమ్మమ్మ అడ్డంగా నిలబడింది.

"ఒక్కటి ఉంచు సాబ్. కడుపుతోటున్న పిల్ల ఉంది."

ఆయనకు తెలుగు అర్థమవుతుంది. మీకెప్పటి నుంచి సిగ్గొచ్చిందని హిందీలో అడిగాడు. వెంటవచ్చిన బంట్రోతులు నవ్వారు. తడికలు మా కళ్ళ ముందే కాలాయి.

అక్క మళ్ళీ సొరపాదుకు నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. మొదటి వానల్లో జ్వరం తిరగబెట్టింది. అక్కా పోయింది, కడుపులో బిడ్డా పోయింది. జ్వరంతో పోయిందని వాడంతా అనుకుంది. "జ్వరం గాదు, దరోగా సంపిండు" అంది అమ్మమ్మ.

వానల వల్ల ఆ దొర రాక చలికాలానికి మారింది. వెదురు బళ్ళు వచ్చి మా వాడ ముందు దిగాయి. అమ్మమ్మ వెదురు చీల్చే కత్తి తీయలేదు. ఆమెను చూసి పక్కపాకలోనూ తీయలేదు. ఆఖరికి వాడలో ఎవరూ వెదురు ముట్టలేదు. దరోగా అరిచాడు. తాతయ్య పని తీయించేస్తానన్నాడు, తీయించాడు కూడా.

"సూడనీ సాబ్" అంది అమ్మమ్మ. "దొరకు కండ్లున్నయి గద."

దొర వచ్చిన రోజు మేమంతా పాకల ముందు నిలబడ్డాం. అక్క పాక ముందు ఎవరూ లేరు, ఎండిన సొరతీగ ఉంది. మోటారు ఆగలేదు.

సంస్థానం పోయింది, దొరలు పోయారు. పెద్దమనిషి ఎవరైనా వస్తున్నాడంటే పేదల బస్తీల ముందు గుడ్డలు కట్టడం మాత్రం ఈ వయసులోనూ చూస్తున్నాను. నా కోపం తగ్గలేదు, తగ్గాలని నేను కోరుకోవడమూ లేదు. మా ఇంటికి ఏ ఆడమనిషి వచ్చినా, గుమ్మం ముందు బుట్ట దించే కూరగాయలామె అయినా సరే, పెరట్లో మరుగుదొడ్డి ఎక్కడుందో ముందు చెబుతాను. తర్వాత చెంబు నిండా నీళ్ళు తెచ్చిస్తాను. ఆమె తాగేదాకా అక్కడే నిలబడతాను.