మూలకొట్టు వయసు, మా అత్తగారి వయసు

మా మూలకొట్టు కట్టింది మా అత్తగారి నాన్నగారు. రెండు వీధులు కలిసేచోట మిగిలిన కాస్త జాగాలో కట్టడంతో ముందు ఇరుకు, వెనక వెడల్పు. నలుగురు కొనడానికి వస్తే ఐదోవాడు రోడ్డు మీదే నిలబడాలి. ఆయన అందులో లాంతర్లు, వత్తులు అమ్మారు. కరెంటు వచ్చాక అవి అటకెక్కి, సబ్బులు, సూదులు, గుండీలు దిగాయి. ఆయన తర్వాత గల్లాపెట్టె ముందు అత్తగారు కూర్చున్నారు. ఇప్పటికీ లేవలేదు. నిచ్చెన ఎక్కి డబ్బాలు దించడానికి కోడలినని నేనున్నాను కదా!

ఆవిడకు డెబ్బై నాలుగేళ్లు. కాగితంలో మాత్రం అరవై నాలుగే. యాభై నిండిన ఏడాది తలుపేసుకుని, పుట్టిన తేదీ పత్రంలో ఒక అంకెను బ్లేడుతో గీకి, కలంతో దిద్ది, పదేళ్లు తగ్గించుకున్నారు. ఆ లెక్కన పదో తరగతి పాసయ్యేనాటికి ఆవిడకు ఆరేళ్లు. అడిగితే, "చురుకైన పిల్లనే" అనేవారు.

మొన్న రోడ్డు వెడల్పు చేసే ఆఫీసరు టేపుతో వచ్చి, కొట్టు సగం పోతుందన్నాడు. సగం పోతే మిగిలేది గల్లాపెట్టెకే చాలదు. అయితే డెబ్బై ఏళ్లు దాటిన కట్టడాలను ముట్టుకోరట. కాగితం చూపిస్తే చాలట.

"ఎప్పుడో దాటింది బాబూ! నేను పుట్టిందే ఈ వెనక గదిలో," అంటూ అత్తగారు హుషారుగా పత్రం తెచ్చి ఇచ్చారు. పుట్టిన చోటు అందులో స్పష్టంగా ఉంది. ఆఫీసరు చేతిలో పెట్టాక గాని ఆవిడకు బ్లేడు సంగతి గుర్తు రాలేదు.

"అరవై నాలుగే కదమ్మా! ఆరేళ్లు తక్కువైంది," అని ఆఫీసరు గోడ మీద ఎర్రసుద్దతో గీత గీశాడు.

నాకు ఒళ్లు మండింది. "చెప్పండి అత్తయ్యా!" అని మోచేత్తో పొడిచాను. అప్పటికే వీధి వీధంతా గుమిగూడింది. ఇంతమంది ముందు అసలు వయసు చెప్పడమా! ఆవిడ సబ్బులు సర్దడం మొదలుపెట్టారు.

పక్క వీధికి పరుగెత్తి ఆవిడ చెల్లెలిని, మా చిన్నత్తగారిని, పుట్టిన తేదీ పత్రంతో సహా లాక్కొచ్చాను. ఆవిడ పుట్టిందీ ఆ గదిలోనే. ఆవిడ పత్రానికి ఏ బ్లేడూ తగల్లేదు.

"డెబ్బై ఒకటి! బతికిపోయారు," అని ఆఫీసరు అత్తగారి వైపు తిరిగాడు. "ఈవిడ మీ అక్కగారన్నమాట."

చిన్నత్తగారు అక్క ముఖం చూసి జాలిపడ్డారు. "అవును బాబూ, అక్కనే. చిన్నప్పుడు దీన్ని చంకనేసుకుని తిరిగేదాన్ని," అన్నారు.

కొట్టు దక్కింది, పరువూ దక్కింది. అత్తగారు ఊరుకుంటే సరిపోయేది.

"నువ్వు నన్ను మోశావా? నా చంక దిగితేనా నువ్వు! నీకు జడలేసిందెవరు? చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లిందెవరు?" ఆవిడ ఆఫీసరు వైపు తిరిగారు. "నేనే బాబూ అక్కని! నాకు డెబ్బై నాలుగు!" ఆ మాట వీధి చివరిదాకా వినబడింది.

"మరి ఈ పత్రం?" అన్నాడు ఆఫీసరు.

"నేనే చెడగొట్టాను. ఏం చేసుకుంటావో చేసుకో. కొట్టు జోలికి మాత్రం రాకు."

"అక్కా," అంటూ చిన్నత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఇంతసేపూ తిట్టుకుంటున్న నాకే కళ్లు చెమర్చాయి.

ఆఫీసరు గోడ మీది గీత తుడిచి, పేర్లు రాసుకుందామని పుస్తకం తీశాడు. చిన్నత్తగారు తన పేరు చెప్పబోయారు.

"ఆగవే," అన్నారు అత్తగారు. "ముందు నాది రాయి బాబూ. ఆ గదిలో ముందు పుట్టింది నేను."