రెండు తెరల ముందు నా కళ్ళు

మా ఇంట్లో ఏది కొన్నా ఆఖరి మాట నా కళ్ళదే. చీర రంగు వెలిసే రకమా, బియ్యంలో నూక ఎంత ఉంది, గోడకి సున్నం సమంగా పట్టిందా, అన్నీ నన్నే చూడమనేవారు. శ్రీకాకుళం వైపు నుంచి మా తాత ఖలాసీగా వచ్చి బిలాస్‌పూర్ రైల్వే క్వార్టరులో కాపురం పెట్టాడు. అప్పటి నుంచి మా వాళ్ళలో ఇంజను నడిపే సీటు దాకా వెళ్ళింది నేనొక్కణ్ణే. డ్రైవరు కళ్ళంటే మాటలా అని కాలనీలో అనేవారు. నేనూ కాదనలేదు. ఎందుకంటాను?

కాబట్టి లాప్‌టాప్ కొనడానికి వెళుతూ మా అమ్మాయి నన్ను వెంట తీసుకెళ్ళడంలో వింతేమీ లేదు. తను ఇంట్లోనే కూర్చుని పెళ్ళి కార్డులు, గృహప్రవేశం కార్డులు డిజైను చేస్తుంది. పాత కంప్యూటరు తెర మొద్దుది. సన్నటి గీతలు అందులో సరిగ్గా తెలియక, తఖత్‌పూర్ వాళ్ళ పెళ్ళి కార్డు మీద బంగారు రంగు తీగ అక్కడక్కడా తెగిపోయి అచ్చయింది. వాళ్ళు కార్డులన్నీ వెనక్కి పంపేశారు. ఇంకోసారి ఇలా జరిగితే తనకి పని ఇచ్చేవాళ్ళుండరని అమ్మాయి భయం. అందుకే ఈసారి ఎక్కువ రెజల్యూషన్ ఉన్న తెర కావాలంది, అంటే గీత వెంట్రుకంత సన్నగా ఉన్నా చెదరకుండా చూపించేది.

కొట్టువాడు రెండు లాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టాడు. అమ్మాయి ఆ తీగ బొమ్మనే రెండిట్లోనూ తెరిచి, ఏది బాగుందో చెప్పమని నా వైపు తిరిగింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని ఒకసారి ఇటు, ఒకసారి అటు వంగి చూశాను. రెండూ ఒకటే. ఎడమవైపుది కాస్త ఎక్కువ వెలుగుతోంది, అంతే. ఆ మాటే చెప్పి ఊరుకుంటే పోయేది. అలా ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఎడమవైపు దాని మీద వేలు పెట్టి, కొట్టు మొత్తానికి వినిపించేలా ఇదే అన్నాను. పైగా రెండోది మసకగా ఉందని, ఇలాంటివి మాకు అంటగట్టాలని చూస్తున్నాడని కొట్టువాడి మీద హిందీలో విరుచుకుపడ్డాను.

వాడు అమ్మాయి కేసి చూశాడు. అమ్మాయి నా పక్కకి జరిగి నెమ్మదిగా అంది.

"నాన్నా, నువ్వు సూపించినది మామూలుది. గీతలు మెట్లుమెట్లుగా ఉన్నాయి కదా. అగుపడ్డం లేదేటి?"

"ఏటి మెట్లు? నున్నగానే ఉన్నాయి."

మళ్ళీ వంగాను, ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా. నున్నగానే ఉన్నాయి మరి. పక్కన చార్జరు కొనుక్కుంటున్న ఒకావిడ కూడా తొంగిచూసి, అవును, మెట్లు తెలుస్తున్నాయండీ అంది. తల కొట్టేసినట్టయింది నాకు. అమ్మాయి, మళ్ళీ వస్తామని కొట్టువాడికి చెప్పి బయటికి నడిచింది. స్కూటీ మీద దాని వెనక కూర్చుని, నలుగురిలో నా పరువు తీసిందని దారంతా తిడుతూనే ఉన్నాను. దగ్గరి చూపు వయసుతో అందరికీ తగ్గేదే, దూరం చూపు నాది భేషుగ్గా ఉంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మర్నాడు పగటి డ్యూటీ. ఖాళీ బొగ్గు బండిని రాయ్‌పూర్ వైపు తీసుకెళ్ళాలి. అసిస్టెంటు మా కాలనీవాడే, తెలుగువాడే. మా పనిలో ఒక పద్ధతి ఉంది. సిగ్నలు కనిపించగానే అసిస్టెంటు చెయ్యి చాపి దాని రంగు పైకి చెప్పాలి. డ్రైవరు తన కళ్ళతో చూసుకుని అదే రంగు తిరిగి చెప్పాలి. ఒకరు పొరపడితే ఇంకొకరు పట్టుకోవాలని. బిల్హా స్టేషను ఇంకా రాకముందే వాడు చెయ్యి చాపి గ్రీన్ అన్నాడు. నా నోరు గ్రీన్ అనేసింది. అనేశాక చూశాను. ఎదురుగా ఎండలో, ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టు తెల్లటి మసక తప్ప ఏమీ లేదు. రంగు మాట దేవుడెరుగు, స్తంభమే కనిపించలేదు.

ఇది ఇవాళ మొదలైంది కాదు. ఎన్నాళ్ళుగానో నేను చూడటం లేదు, వింటున్నాను. వాడు గ్రీన్ అంటే గ్రీన్, ఎల్లో అంటే ఎల్లో. ఛీ, ఇదీ ఒక డ్రైవరు బతుకేనా అనిపించింది. తరవాతి సిగ్నలుకి వాడు ఎల్లో అన్నాడు. నేను నోరు మెదపకుండా వేగం తగ్గించాను. వాడు ఇంకోసారి గట్టిగా చెప్పి నా మొహంలోకి చూశాడు.

"కంట్రోలుకి సెప్పీ బాబూ," అన్నాను. "నాకు సిగ్నలు అగుపడ్డం లేదని సెప్పు."

బండ్ల రాకపోకలు చూసే కంట్రోలు ఆఫీసు మాట మీద బిల్హాలో బండిని పక్క లైనులో పెట్టారు. వేరే డ్రైవరు వచ్చాక నన్ను వెనక్కి పంపారు. మేం డ్యూటీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ హాజరు వేయించుకునే లాబీకి సంగతి నాకంటే ముందే చేరింది. నేను లోపలికి అడుగుపెట్టగానే అందరూ నా వైపు తిరిగారు. రైల్వే ఆసుపత్రిలో కళ్ళు చూపించుకోమని, అంతవరకూ ఇంజను ఎక్కొద్దని ఇన్‌చార్జి మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాద కంటే నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది. ఎవరి మొహమూ చూడలేక బయటికి వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మాయి ఆ రెండో లాప్‌టాపే తెచ్చుకుని, బల్ల మీద పెట్టుకుని పని చేసుకుంటోంది. నన్ను చూసి గబుక్కున మూత వేసింది. నా ఎదుట దాన్ని తెరిచి ఉంచడానికి కూడా జంకింది పిచ్చిది. ఇంత బేగి వచ్చీశావేటని అడిగింది. ఇంక బండి ఎక్కనేమో అన్నాను. కళ్ళు, అన్నాను. సిగ్నలు సంగతి కూడా చెప్పాను. నిన్న నేను తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు తిరిగి అంటుందనుకున్నాను. అంటే బాగుండునని కూడా అనుకున్నాను. అది నా చేతిలోంచి బ్యాగు అందుకుని అక్కడే నిలబడిపోయింది.

"మరి ఇన్నాళ్ళూ సిగ్నళ్ళు ఎవరు సూసేరు నాన్నా?"

నేను బూట్లు విప్పుకుంటున్నట్టు వంగాను. అమ్మాయి లోపలికి వెళ్ళేదాకా తల ఎత్తలేదు.